ఆ రెండు ఒడంబడికల్లోకి తిరిగి రండి: లిథువేనియా పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లిథువేనియా పార్లమెంటు ‘సెయ్‌మాస్’ సభ్యులకు,

మీ సభలో జరిగిన రెండు ఓటింగుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2024 జులై 18న క్లస్టర్ బాంబుల నిషేధ ఒడంబడిక నుంచి తప్పుకోవడానికి 103 మంది సరేనన్నారు. వద్దన్నది ఒకే ఒక్కరు, ఇంకొకరు తటస్థంగా ఉన్నారు. ఆ తర్వాత ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది. 2025 మే 8న మందుపాతరల నిషేధ ఒప్పందం మీ ముందుకొచ్చింది. ఈసారి 107 మంది తప్పుకుందామన్నారు, ముగ్గురు తటస్థంగా ఉన్నారు, వద్దన్నవారు ఒక్కరూ లేరు.

క్లస్టర్ బాంబుల ఒడంబడికలో చేరి మళ్లీ బయటికొచ్చిన మొదటి దేశం ప్రపంచంలో మీదే. 2025 మార్చి 6 నుంచి ఆ కట్టుబాటు మీకు లేదు. మందుపాతరల విషయంలో లాత్వియా, ఎస్తోనియా, ఫిన్లాండ్, పోలండ్ కూడా మీలాగే నిర్ణయించుకున్నాయి. మీకైతే 2025 డిసెంబరు 27తో ఆ ఒప్పందమూ తెగిపోయింది. తప్పుకునే హక్కు చట్టప్రకారం మీకుంది, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. ఆ హక్కును వాడుకున్నప్పుడు ఎవరి ప్రాణాలు లెక్కలోకి తీసుకున్నారు, ఎవరివి పక్కన పెట్టారు అన్నదే నా ప్రశ్న.

మీ భయం కల్పించుకున్నది కాదు. ఒకపక్క బెలారస్, మరోపక్క రష్యా చేతిలోని కలినిన్‌గ్రాడ్, మధ్యలో మిమ్మల్ని పోలండ్‌తో కలిపే కాస్త నేల. 1991 జనవరి 13 రాత్రి విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ ట్యాంకులకు ఎదురు నిలిచి ప్రాణాలు కోల్పోయింది చేతుల్లో ఆయుధం లేని మామూలు జనం. ఆ రాత్రిని చూసిన దేశానికి, ఇప్పుడు ఉక్రెయిన్‌ను రోజూ చూస్తున్న దేశానికి, భయపడొద్దని దూరాన కూర్చుని చెప్పే అర్హత నాకు లేదు. మీ రుస్నే పట్టణంలో గాంధీ, ఆయన మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్‌ల విగ్రహం ఉందని తెలుసు. కాలెన్‌బాక్ మీ దేశంలో పుట్టినవాడు గనక ఆ స్నేహానికి గుర్తుగా 2015లో పెట్టారు. గాంధీ దేశం నుంచి రాస్తున్నాను కదా అని ఆయుధాలు కింద పెట్టమంటానేమో అనుకోవద్దు. ఫిరంగులు కొనుక్కోండి. ట్యాంకులు దాటలేని కందకాలు తవ్వండి. గగనతల రక్షణకు ఎంత కావాలంటే అంత ఖర్చు పెట్టండి. మీ నేలను మీరు కాపాడుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. నా అభ్యంతరమల్లా రెండు రకాల ఆయుధాల మీద. తమను తాకినవాడు సైనికుడో పసివాడో తెలుసుకోలేని ఆయుధాలవి. యుద్ధం ముగిసిందన్న కబురు కూడా వాటికి అందదు.

ఈ ఒడంబడికలు ఎలా పుట్టాయో మీ విదేశాంగ శాఖ దస్త్రాల్లో ఉంటుంది, ఒకసారి తెప్పించుకుని చదవండి. పెద్ద దేశాలు వీటిని తేలేదు. అమెరికా, రష్యా, చైనా వీటికి దూరంగానే ఉండిపోయాయి. క్లస్టర్ బాంబుల మీద 2007 ఫిబ్రవరిలో ఓస్లోలో మొదటి సమావేశం పెట్టింది నార్వే. ఐర్లండ్, ఆస్ట్రియా, న్యూజిలాండ్, పెరూ, మెక్సికో, వాటికన్ దానికి తోడొచ్చాయి. లిమా, వియన్నా, వెల్లింగ్టన్ తిరిగి, 2008 మే 30న డబ్లిన్‌లో 107 దేశాలు ఒక పాఠానికి ఒప్పుకున్నాయి. అదే ఏడాది డిసెంబరు 3న ఓస్లోలో సంతకాలు జరిగాయి. మీ దేశం మొదటి రోజే సంతకం పెట్టింది, 2011లో ఆమోదించింది. సైన్యం బలం లేని దేశాలు, భద్రతా మండలిలో వీటో లేని దేశాలు, ముందుండి, తమ మాటను ఒకదానికొకటి హామీగా ఇచ్చుకుని కట్టిన చట్టం అది. ముప్పై లక్షల జనాభా కూడా లేని మీ దేశం ప్రపంచ వేదిక మీద నిలబడటానికి ఆ మాట తప్ప వేరే ఏ బలం ఉందని?

ఆ బలం ఎంతటిదో చూపించింది మీరే. 2014, 2015 సంవత్సరాల్లో మీరు భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యులు. 2015 మేలో అధ్యక్ష స్థానం మీకొచ్చింది. దాన్ని మీరు మొక్కుబడిగా గడిపేయలేదు. మే 27న యుద్ధ క్షేత్రాల్లో విలేకరుల రక్షణ మీద 2222 నంబరు తీర్మానాన్ని మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. దాన్ని తెచ్చింది లిథువేనియా. యుద్ధ వార్తలు రాసేవాళ్లు కూడా పౌరులేననీ, వాళ్లను చంపినవాళ్లు శిక్ష తప్పించుకోకూడదనీ అది గట్టిగా చెప్పింది. అంతకు అయిదు రోజుల ముందు చిన్న ఆయుధాల అక్రమ రవాణా మీద 2220 నంబరు తీర్మానమూ మీ చొరవతోనే వచ్చింది. కలం పట్టి బతికే నాలాంటి వాళ్లకు ఆ 2222 తీర్మానం మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది. బల్లకు అటు రష్యా, ఇటు అమెరికా కూర్చున్న గదిలో బాల్టిక్ తీరపు చిన్న దేశం ఒకటి పౌరుల ప్రాణాల గురించి మాట్లాడి, అందరితో సరేననిపించింది. పదేళ్లు తిరక్కముందే అదే దేశం పౌరులను కాపాడే చట్టం నుంచి బయటికి నడిచిన తొలి దేశమైంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని మీరెలా సమాధానపడుతున్నారు?

మీరు వద్దనుకున్న చట్టం ఏ ఆయుధాన్ని ఆపుతోందో లెక్కల్లో చూద్దాం. 2023 జులైలో అమెరికా ఉక్రెయిన్‌కు చిన్న బాంబులను చెదరగొట్టే క్లస్టర్ గుళ్లు పంపడానికి సిద్ధపడినప్పుడు, ఆ బాంబుల్లో పేలకుండా మిగిలిపోయేది 2.35 శాతానికి మించదని అక్కడి రక్షణ శాఖ చెప్పింది. ఆ మాటనే నమ్ముదాం. 155 మిల్లీమీటర్ల ఎం864 ఫిరంగి గుండులో 72 చిన్న బాంబులుంటాయి. అలాంటివి వెయ్యి పేలిస్తే 72,000 బాంబులు నేల మీద చెదురుతాయి. అందులో 2.35 శాతం అంటే దాదాపు 1,700. ఇది కాగితం మీద తయారీదారుకు అనుకూలంగా వేసిన లెక్క. నేల మీద ఏరివేసే పనిలో ఉన్నవాళ్లు చెప్పేది 10 నుంచి 30 శాతం. బురద నేల మీద, మంచు మీద, చెట్ల కొమ్మల్లో పడినవి ఇంకా ఎక్కువగా మిగిలిపోతాయి. మీ దేశంలో మంచు, బురద, అడవి మూడూ ఉన్నాయి.

లావోస్‌ను చూడండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఆ దేశం మీద 27 కోట్లకు పైగా చిన్న బాంబులు వదిలాయి. వాటిలో 8 కోట్ల దాకా పేలలేదని అంచనా. అక్కడి జనం వాటిని ‘బాంబీ’లంటారు. యుద్ధం ముగిసి యాభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పొలం దున్నే నాగలికి తగులుతాయి, పొయ్యి కోసం నేల చదును చేస్తుంటే పేలుతాయి. పాత ఇనుము ఏరుకునే పిల్లల చేతుల్లో పేలుతాయి. యుద్ధం తర్వాత చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ ఇరవై వేలకు పైనే. 2006లో దక్షిణ లెబనాన్‌లో కాల్పుల విరమణ ఖాయమయ్యాక, ఆఖరి 72 గంటల్లో ఇజ్రాయెల్ క్లస్టర్ గుళ్లను కుమ్మరించింది. ఆలివ్ తోటలు, పొగాకు చేలు, నారింజ తోటలు కోతకొచ్చిన సమయంలో అడుగుపెట్టలేని చోట్లయ్యాయి. ఓస్లోలో దేశాలను కూర్చోబెట్టింది ఆ దృశ్యమే. బాంబులు పడ్డ లావోస్ ఆ ఒడంబడికలో మొదటి వరసలో నిలబడింది, 2010లో సభ్యదేశాల తొలి సమావేశం వియంటియాన్‌లోనే జరిగింది. లావోస్ రాయబారికి మీ రాయబారి ఇప్పుడేమని చెబుతారు?

ఇంకో విషయం. ఈ ఆయుధాలను మీరు ఎక్కడ వాడతారు? మాస్కోలో కాదు. శత్రువు మీ సరిహద్దు దాటి లోపలికొస్తే ఆపడానికి, అంటే మీ సొంత నేల మీదే. మీ దక్షిణాన బెలారస్ సరిహద్దును ఆనుకుని జూకియా అడవులున్నాయి. పుట్టగొడుగులకూ బెర్రీలకూ అవి పేరుమోసినవి. ఏటా బుట్టలు పట్టుకుని జనం ఆ అడవుల్లోకి వెళతారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పేలని గుళ్లే మీ నేలలోంచి ఇంకా బయటపడుతున్నాయి. ఈసారి వాటి పక్కన మీ చేతులతో పాతినవీ, మీ ఫిరంగులు చల్లినవీ చేరితే, రేపు ఆ అడవిలోకి ఎవరు వెళ్లాలి? యుద్ధంలో గెలిచినా మీ పిల్లలకు మీరు మిగిల్చేది ఏమిటి?

మందుపాతరల సంగతి మీకు చెప్పక్కర్లేదేమో. 2023లో ప్రపంచమంతటా మందుపాతరల వల్ల, యుద్ధాల్లో పేలకుండా మిగిలిన గుళ్ల వల్ల 5,757 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. వాళ్లలో 84 శాతం పౌరులు. శత్రువును ఆపడానికే పెట్టామని ప్రతి సైన్యమూ చెప్పింది. చివరికి కాలు పోగొట్టుకున్నది ఎవరో ఆ లెక్కే చెబుతోంది.

పటాలు గీసి, కంచె వేసి, హద్దులు గుర్తించి పాతుతాం, తర్వాత తీసేస్తాం అని మీ సైనికాధికారులు చెప్పవచ్చు. మా దేశం సరిగ్గా అదే మాట చెప్పింది. 2001 డిసెంబరులో మా పార్లమెంటు మీద దాడి జరిగాక, ‘ఆపరేషన్ పరాక్రమ్’ పేరుతో రాజస్థాన్, పంజాబ్, జమ్మూ సరిహద్దు పొలాల్లో సైన్యం మందుపాతరలు పాతింది. యుద్ధం రాలేదు. కానీ పాతేటప్పుడూ తీసేటప్పుడూ మా సైనికులే చనిపోయారు. రైతులు తమ పొలాల్లోకి వెళ్లలేకపోయారు. శత్రువు ఒక్క అడుగు వేయకుండానే జరిగిన నష్టం అది. క్రమశిక్షణ లేని సైన్యం చేసిన పని కాదు, ప్రపంచంలో పెద్ద సైన్యాల్లో ఒకటి పద్ధతి ప్రకారం చేసిన పని.

ఇక్కడ మీరు ఎదురు ప్రశ్న వేస్తారు. మీ భారతదేశం ఈ రెండు ఒడంబడికల్లోనూ లేదు కదా, మమ్మల్ని అడగడానికి నువ్వెవరు అని. న్యాయమైన ప్రశ్న. మా దేశం సంతకం చేయకపోవడం తప్పు, దాన్ని సమర్థించడానికి నేను ప్రయత్నించను. కానీ సంతకం చేయని దేశపు పౌరులకు మీ సంతకం ఎంత అవసరమో మీకు తెలుసా? మా వైమానిక దళం కోసం మా ప్రభుత్వం అమెరికాలోని టెక్స్‌ట్రాన్ కంపెనీ తయారుచేసిన సీబీయూ-105 క్లస్టర్ బాంబులు కొంది. 2016లో ఆ కంపెనీ వాటి తయారీ మానేసింది. అమెరికా సంతకం చేయలేదు, భారత్ సంతకం చేయలేదు. అయినా ఆ బాంబుకు ప్రపంచంలో పరువు పోయింది, గిరాకీ పడిపోయింది. మీలాంటి దేశాలు గీసిన గీత మా ప్రభుత్వాల చేతుల్ని కూడా కొంత కట్టేసింది. ఆ గీతను మీరే చెరిపేస్తే, రేపు మా దేశంలో ఎవరైనా సంతకం చేయమని అడిగినప్పుడు మా అధికారులు మీ పేరే చెబుతారు. ‘చేరినవాళ్లే వెళ్లిపోతున్నారు, మనకెందుకు’ అంటారు.

మందుపాతర మాకు వార్తల్లో చదివే దూరపు విషయం కాదు. మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య దశాబ్దాల పాటు సాగిన పోరులో తెలుగు పల్లెలు దాన్ని దగ్గరనుంచి చూశాయి. ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం వైపు అడవుల్లో పోలీసుల కోసం పెట్టిన ప్రెషర్ బాంబులు కట్టెలకూ వెదురుకూ వెళ్లిన ఆదివాసీల కాళ్ల కింద పేలాయి. 2025 ఏప్రిల్‌లో అక్కడి కర్రెగుట్టల చుట్టూ బాంబులు పెట్టాం, అటు రావద్దని మావోయిస్టులే జనాన్ని హెచ్చరిస్తూ లేఖ విడుదల చేశారు. తునికాకు కోసే కాలం దగ్గరపడుతుంటే అడవి మీద బతికే మనిషికి అడవిలోకి రావద్దని చెప్పడమంటే ఏమిటో మీ జూకియా గ్రామస్థులకు అర్థమవుతుంది. హెచ్చరించాం గనక మా బాధ్యత తీరిందని ఆ రోజు ఆ లేఖ రాసినవాళ్లు అనుకున్నారు. రేపు మీ సైన్యం హెచ్చరిక బోర్డు పాతి అదే అనుకుంటే ఆ రెంటికీ తేడా ఎక్కడుంది?

రష్యా ఏ నియమానికీ కట్టుబడనప్పుడు మనమెందుకు కట్టుబడాలి అన్నది మీ చర్చల్లో ఎక్కువగా వినిపించిన మాట. రష్యా 2008లో కట్టుబడిందా? 2011లో మీరు ఆమోదించినప్పుడు కట్టుబడిందా? ఈ ఒడంబడికలు శత్రువు మంచివాడని నమ్మి రాసినవి కావు. శాంతికాలంలో ఎవరూ మందుపాతరలు పాతరు, నిషేధం అవసరమయ్యేది యుద్ధం దగ్గరకొచ్చినప్పుడే. అందుకే రెండు ఒడంబడికల్లోనూ 20వ అధికరణంలో ఒక నిబంధన పెట్టారు. తప్పుకుంటున్నట్టు పత్రం ఇచ్చాక ఆరు నెలలు గడవాలి, ఆ ఆరు నెలలు పూర్తయ్యేనాటికి ఆ దేశం యుద్ధంలో ఉంటే యుద్ధం ముగిసేదాకా తప్పుకోవడం చెల్లదు. భయం పెరిగిన గడియలో ఎవరూ జారిపోకూడదని రాసిన వాక్యం అది. మీరు ఆ వాక్యాన్ని చదివారు. యుద్ధం రాకముందే బయటపడాలని తేదీలు లెక్కపెట్టుకున్నారు. నిబంధనను మీరలేదు, నిజమే. దాని ఉద్దేశాన్ని మాత్రం కాలదన్నారు.

నార్వేకు రష్యాతో సరిహద్దు లేదా? ఉత్తరాన రెండు వందల కిలోమీటర్ల మేర ఉంది. నార్వే కూడా నాటో దేశమే, మీరు చూస్తున్న ఉక్రెయిన్ యుద్ధాన్నే చూస్తోంది. ఒప్పందాల్లోనే ఉంటామని చెప్పింది, ఉంది. నార్వే సైనికాధికారులకు దేశరక్షణ తెలియదంటారా?

మీ దౌత్యంలో నాకు మింగుడుపడని మరో సంగతి ఉంది. ఉక్రెయిన్ నేలలోంచి మందుపాతరలు ఏరివేసే అంతర్జాతీయ కూటమికి ఐస్‌లండ్‌తో కలిసి నాయకత్వం వహిస్తున్నది మీరే. ఆ పనికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే. 2022 ఏప్రిల్ 8న క్రమటోర్‌స్క్ రైల్వే స్టేషన్‌లో ఊరు విడిచి పోదామని రైలు కోసం నిలబడ్డ జనం మీద క్లస్టర్ బాంబుల క్షిపణి పడి యాభై మందికి పైగా చనిపోయారు. మరుసటి నెల మీ సభ ఏకగ్రీవంగా రష్యా యుద్ధాన్ని జాతి నిర్మూలనగా ప్రకటించింది. మరి అదే ఆయుధం మీ ఆయుధాగారంలోకి రావడానికి తలుపు తెరిచిందీ అదే సభ. 2024 సెప్టెంబరు 30న బెలారస్ పాలకుల నేరాల మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు వెళ్లారు. అదే నెల 6వ తేదీన క్లస్టర్ ఒడంబడిక నుంచి తప్పుకుంటున్నట్టు ఐక్యరాజ్యసమితికి పత్రం ఇచ్చారు. అంతర్జాతీయ చట్టం పొరుగువాడికి వర్తించాలని కోరే దేశం, తనకు బరువనిపించిన రోజున దాన్ని పక్కన పెట్టగలిగితే, రేపు హేగ్‌లో మీ న్యాయవాది మాటకు ఎంత విలువ ఉంటుంది? ఉక్రెయిన్ పొలాల్లో పొట్టమీద పాకుతూ మందుపాతర తీసే మనిషికి పరికరాలు ఇస్తూ, ఇంటి దగ్గర కొత్త మందుపాతరలు తయారు చేయిస్తామనడం ఏ విలువల ప్రకారం సరైనది?

మిగతా యుద్ధ నియమాలకు కట్టుబడే ఉంటామని మీ ప్రభుత్వం చెబుతోంది. ఆ నియమాల్లో మొదటిది, పోరాడేవాడినీ పౌరుడినీ వేరుచేసి చూడటం. అడుగు పడితే పేలే పరికరం ఆ తేడా ఎలా చూస్తుంది? పదేళ్ల తర్వాత చెట్టుకింద మిగిలిపోయిన చిన్న బాంబు ఎలా చూస్తుంది? చూడలేదు గనకే ఈ రెంటికీ విడిగా నిషేధం అవసరమైంది. ఈ సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, ఆ నిషేధానికి మీ ముందు తరం సభ్యులే ఓటేశారు.

అందుకని మిమ్మల్ని కోరుతున్నాను. రెండు ఒడంబడికల్లోనూ మళ్లీ చేరే ప్రతిపాదనను సభ ముందుకు తీసుకురండి. అది తేలేవరకు ఈ ఆయుధాలను కొనబోమని, తయారు చేయబోమని, మీ భూభాగంలో నిల్వ ఉంచనివ్వబోమని ఒక తీర్మానం చేయండి. సభ్యత్వం లేని దేశాలు కూడా స్వచ్ఛందంగా ఏటా నివేదిక ఇవ్వవచ్చు, మీరు ఇవ్వండి. మీ దగ్గర ఏముందో, ఏం లేదో మీ ప్రజలకూ తెలియాలి. ఓటేయడానికి ముందు మీ రక్షణ సంఘం సైనికాధికారుల మాట విన్నది. ఈసారి లావోస్‌లో, లెబనాన్‌లో, ఉక్రెయిన్‌లో ఏరివేత పని చేసినవాళ్లనూ, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లనూ విల్నియస్‌కు పిలిచి, సభలో కూర్చోబెట్టి వాళ్ల మాట కూడా వినండి. విన్నాక కూడా మీ ఓటు మారకపోతే, ఎందుకు మారలేదో వాళ్ల ముఖం చూసి చెప్పండి.

తిరిగి చేరడానికి గడువేమీ పెట్టలేదు. పత్రం అందిన తర్వాత ఆరో నెల మొదటి రోజు నుంచి రెండు ఒడంబడికలూ మీకు మళ్లీ వర్తిస్తాయి. ఆ పత్రం పంపండి.

ఇట్లు,
ఒక తెలుగు రచయిత